పుట్టింటి గుడికి దారి

“మీ ఫోనుకు ఓటీపీ వచ్చుండాదా, చూడండి,” అని సుగన్య వంటింట్లోంచి కేకేసింది. పెనం మీద దోసె అంచు ఎర్రబడుతోంది. పిండి గిన్నెకు ఎడంగా పెట్టుకున్న లాప్‌టాప్‌లో ఒక ఖాళీ గడి ఆ అంకెల కోసం ఎదురు చూస్తోంది. ముందుగదిలో భర్త సెందిల్‌కుమార్ తను అమ్మే కడలమిఠాయి, అదే వేరుశనగ పట్టీల వీడియో ఏదో చూసుకుంటూ, “మళ్లీ ఏమే? దుడ్డు కట్టాల్నా?” అన్నాడు.

“దుడ్డు కాదు. వెబ్‌సైటును నా పేరుకు, నా నంబరుకు మార్చుకుంటుండాను.”

“సరే సరే,” అని అంకెలు చదివాడు. ఎందుకని అడగలేదు. చట్నీలో కారం ఎక్కువైతే మాత్రం ఎందుకని అడిగే మనిషే. సుగన్య దోసె తిరగేసి, తడి వేలు చీరకు తుడుచుకుని, అంకెలు కొట్టింది. మార్పు జరిగిందని తెర మీద వచ్చింది. దోసె మాడలేదు కూడా.

ఈ పని ఆమె ఎప్పుడో చేసి ఉండాల్సింది. సైటు మొదలుపెట్టిన రోజు కార్డు ఆయనది, ఫోను ఆయనది, కనుక పేరూ ఆయనదే రాసింది. రేషన్ కార్డు మీద, గ్యాసు పుస్తకం మీద రాసినట్టే. పోయిన ఏడాది గడువు తీరే రోజున ఆయన తిరుప్పూరులో సరుకు దింపుతూ ఫోను ఆపేసుకున్నాడు. ఓటీపీ అందక, డబ్బు కట్టలేక సైటు మాయమైపోయింది. మళ్లీ వచ్చేదాకా సుగన్యకు అన్నం సహించలేదు. “పొద్దు పోక చేసేదానికి ఇంత ఏడుపు ఏమిటికే?” అన్నాడు ఆ పెద్దమనిషి. ఆయన కోవిల్‌పట్టి మిఠాయి పొట్లాలకు బొమ్మ గీసేది, ఆర్డర్లకు జవాబిచ్చేది, పన్ను లెక్కలు ఎక్కించేది కూడా సుగన్యే. దాన్ని పొద్దు పోక చేసేది అనలేదు ఆయన. అసలేమీ అనలేదు. ఎవరైనా అడిగితే, “మా ఇంటామె ఇంట్లోనే ఉండాది,” అనేవాడు.

సైటు కథ వేరే. వాళ్ల మనుషులకు, తరాల కింద తమిళనాడుకు వచ్చిన తెలుగువాళ్లకు, ఇంటిపేరుకొక కులదైవం, కులదైవానికొక గుడి. అది ఏ నల్లరేగడి చేల మధ్యనో ఉంటుంది. ఏటా శివరాత్రికి పోవాలి, బిడ్డకు తొలి వెంట్రుకలు అక్కడే తీయాలి. సుగన్య కూతురు కార్తికకు పుట్టు వెంట్రుకలు తీసేదానికి వ్యాను కట్టుకుని బయల్దేరారు. ముందు సీట్లో మామగారి అన్న రామసుబ్బు, విరుదునగరంలో పప్పుల వ్యాపారి. “నాకు తెలియని దారా?” అని డ్రైవరుకు చెయ్యి చూపిస్తూ కూర్చున్నాడు. ఒట్టపిడారం దాటాక ఒక గుడి దగ్గర ఆపించాడు. తమ కులదైవం ఎర్రచిన్నమ్మ పేరే గుడి మీద ఉంది. పొంగలి పెట్టారు, మేకను కోశారు, బిడ్డ గుండు మీద చందనం పూశారు. అంతా అయ్యాక మోటారు సైకిళ్ల మీద కొందరొచ్చి, “మీరు ఏ ఇంటిపేరోళ్లు?” అని అడిగారు. రామసుబ్బు మీసం సవరించుకుని చెప్పాడు. వచ్చినవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ చుట్టుపక్కల ఎర్రచిన్నమ్మ గుళ్లు రెండున్నాయి. ఇది వేరే ఇంటిపేరువాళ్లది. జుట్టు పోయింది, మేక పోయింది, మొక్కు మాత్రం అట్లాగే ఉండిపోయింది. బిడ్డకు జుట్టు పెరిగేదాకా ఆగి మళ్లీ గుండు చేయించారు.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో వెనక సీట్లో అత్త కృష్ణమ్మాళ్ ఆమె చెవిలో మెల్లగా అంది. “పత్తి గోదాము దాటినాక కుడిచేతికి తిరగాల్నే. నాకు అప్పుడే తెలిసె.”

“మరి చెప్పకపోతిరేమత్తా?”

“బావగారు ముందర కూచోనుంటే నేనెట్ల నోరు తెరిచేది?”

సుగన్యకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. పెళ్లికి ముందు కంప్యూటరు డిప్లొమా చేసింది, అది బీరువాలో చీరల కింద పడి ఉంది. అత్తను పక్కన కూర్చోబెట్టుకుని ఆ దారి రాసి, ఫోటో పెట్టి ఒక పేజీ చేసింది. మాట్లాడేది తెలుగైనా చదవగలిగేది తమిళమే కనుక తమిళంలో రాసింది. ఆ తరువాత చుట్టాల ముసలమ్మలను అడిగి ఇంకో గుడి, ఇంకో గుడి. కార్తికను బడికి పంపి, బస్సెక్కి, మలుపు మలుపుకూ ఫోటో తీసుకుని, బిడ్డ తిరిగొచ్చేలోగా ఇల్లు చేరేది. ఫోటోలు ఎక్కించబోతే తలకిందులుగా వచ్చేవి. సైటు కంపెనీవాడు ఏదో అప్‌డేట్ అనేవాడు, రాత్రికి రాత్రి పేజీలన్నీ ఫోనులో చూస్తే ఒకదాని మీద ఒకటి పడిపోయేవి. ఎవడో మహానుభావుడు ఆమె ఫోటోలన్నీ ఎత్తుకుపోయి, తన పేరు వేసుకుని వీడియో చేసుకున్నాడు. కింద ‘గొప్ప సేవ అన్నా’ అని పొగడ్తలు. ఆమెకొచ్చే ఉత్తరాల్లో కూడా ‘అడ్మిన్ సార్‌కు వణక్కం’ అనే ఉండేది. మొదట్లో నేను సార్ కాదని రాసేది. తరువాత విసుగొచ్చి మానేసింది.

ఇట్లా ఉండగా ఒక మధ్యాహ్నం, సైటులో వెతికే గడిలో జనం ఏమేం కొడుతున్నారో చూడవచ్చని కనిపెట్టింది. చూస్తే ఆశ్చర్యం. సగానికి సగం మంది ‘అమ్మగారింటి సామి’ అని కొట్టి పుట్టింటి పేరు వెతుకుతున్నారు. ఉత్తరాలు మళ్లీ తీసి చదివింది. రాసినవాళ్లు ఎక్కువగా ఆడవాళ్లే. హోసూరు నుంచి మహేశ్వరిప్రియ అని ఒకామె ఇలా రాసింది: ‘మా నాయన పోయినాక ఆ గుడి యాడుందో నాకు చెప్పేవాళ్లు లేరు సార్. పెళ్లయినాక నీ సామి మారిపోయె అంటారు. పోవచ్చునా అని నేను అడగలేదు. ఎట్ల పోవాల్నో చెప్పండి.’ సుగన్య ఆ ఉత్తరాన్ని ఎన్నిసార్లు చదువుకుందో. తన పెళ్లయిన మొదటి శివరాత్రికి తననూ అట్లాగే తీసుకుపోయి ముక్కూ మొహం తెలియని దేవత ముందు నిలబెట్టారు. చిన్నప్పటి నుంచి పరీక్షకు, జ్వరానికి, కాలిలో ముల్లు గుచ్చుకున్నా పిలుచుకున్న తల్లి పేరు ఆ రోజు గొంతులోనే ఆగిపోయింది. ఇంటిపేరు మారితే మారిందిగానీ, భయం వేసినప్పుడు పిలుచుకునే పేరును కూడా మార్చుకోమంటారా? మార్చుకుంటే మాత్రం నోటికి అలవాటవుతుందా? తనొక్కదానికే ఈ పిచ్చి అనుకుని ఇన్నాళ్లు సిగ్గుపడింది. కాదన్నమాట. ఆ వారమే ‘పుట్టింటి గుడి’ అని ఒక పేజీ తెరిచింది.

ఆ పేజీ చూసి ముందుగా అడిగింది ఎవరంటే కృష్ణమ్మాళ్. వెల్లుల్లి ఒలుస్తూ, తలెత్తకుండా, “ఏమే, దాంట్లో మా అమ్మగారింటి సామి ఉండాదా?” అంది. చిన్నపిల్లప్పుడు ఎడ్లబండిలో పోయింది, పెళ్లయ్యాక మళ్లీ పోలేదు. శ్రీవిల్లిపుత్తూరు వైపు, వెనక కొండ, గుడి ముందర మట్టి గుర్రం ఒక చెవి లేకుండా. అంతే ఆమెకు గుర్తున్నది. మట్టి గుర్రం సంగతి సైటులో పెడితే శివకాశి నుంచి ఒకామె ఫోటో పంపింది. గుర్రానికి ఇప్పటికీ ఒక చెవి లేదు. కృష్ణమ్మాళ్ ఆ తెరను రెండు చేతులతో పట్టుకుని కళ్లకద్దుకుంది. ఆ తరువాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. సుగన్య కూడా ఏడ్చింది.

సైటును తన పేరుకు మార్చుకున్న నాలుగు రోజులకు, అన్నం తింటూ సెందిల్‌కుమార్ సంతోషంగా చెప్పాడు. “పెద్దనాయన ఫోను చేసె. మన గుడికి కుంభాభిషేకం వస్తుండాది గదా, నీ సైటును గుడి కమిటీకి ఇచ్చేయమంటాడు. స్టేజీ మీద నాకు పొన్నాడ, పట్టు శాలువ కప్పుతారంట.”

“మీకా?”

“మన ఇంటికి అనుకోవే. ఆ పుట్టింటి పేజీ ఒకటి మాత్రం తీసేయాలంట. పెళ్లి చేసి ఇచ్చేసిన ఆడపిల్లలంతా గుడికొచ్చి నిలబడితే పంగాళీల్లో, దాయాదుల్లో గొడవలొస్తాయంట. వాళ్లు గుడికి కట్టే వరీ లేదు, వాటా లేదు, ఏం పనే అక్కడ? నేను మాట ఇచ్చేస్తిని.”

సుగన్య ఆయన కంచంలో రసం పోసింది. గరిటెను గిన్నెలో ఠంగుమని వేసింది. పొన్నాడ ఆయన కప్పుకుంటే కప్పుకోనీ, పట్టుబట్టలో చెమట పోస్తుంది, అంతేగదా అనుకుంది. కానీ ఆ పేజీ? ఆ పేజీ పోతే మహేశ్వరిప్రియకు ఏం జవాబివ్వాలి? ఒలిచిన వెల్లుల్లి పాయలు ముందరేసుకుని కూర్చున్న ఈ ముసలావిడకు ఏమని చెప్పాలి? తన మాట ఆయన ఇచ్చేశాడు. తనను అడగాలని ఆయనకు తోచను కూడా లేదు. ఆదివారం విరుదునగరం పోదామన్నాడు. ఆమె సరేనంది. లాప్‌టాప్ తనే పట్టుకుంది.

రామసుబ్బు ఇంట్లో కమిటీ పెద్దలంతా చాప మీద కూర్చున్నారు. సుగన్య ముందు అందరికీ కాఫీ తెచ్చి ఇచ్చింది. ఇచ్చాక గ్లాసులు తీసింది. ఆ తరువాత గానీ సైటు చూపించమని ఎవరూ అనలేదు. కృష్ణమ్మాళ్ అలవాటు ప్రకారం వంటింటి వాకిలి వెనక నిలబడింది, బావగారి ఎదుట పడకుండా.

“మన గుడి పేజీ తెరువుమా,” అన్నాడు రామసుబ్బు. మంచి మనిషే, గొంతు మాత్రం పెద్దది. “నేను చెప్పిన సామి కథను గట్టిగా చదువు. అందరూ విననీ.”

సుగన్య చదివింది. ఎర్రచిన్నమ్మ ఏడుగురు అన్నదమ్ములకు ఒక్క చెల్లెలు. వానలు లేని ఊరికి ఇచ్చారు. అత్తింట్లో పెట్టిన బాధలు పడలేక, ఎండలో నడిచి పుట్టింటికి వచ్చింది. ఇచ్చిన పిల్లకు ఇక్కడేం పని, తిరిగి పో అన్నారు అన్నలు. ఆమె పోలేదు. పుట్టింటి చేలోనే కూర్చుని ప్రాణం విడిచింది. ఆ ఏడాది ఆ చేలో గడ్డి కూడా మొలవలేదు. అన్నలు ఏడ్చి, కాళ్ల మీద పడి, ఆమె కూర్చున్న చోటే గుడి కట్టారు.

పెద్దలు కళ్లు మూసుకుని చేతులు జోడించారు. ఒకాయన ‘తాయే, తల్లీ’ అన్నాడు. సుగన్య వాళ్లు కళ్లు తెరిచేదాకా ఆగింది.

“పెద్దమామా, ఆమె కూర్చున్నది పుట్టింటి చేలోనే గదా?”

“అవునుమా.”

“ఇచ్చేసిన పిల్లే గదా?”

రామసుబ్బు మీసం మీదికి పోయిన చెయ్యి అక్కడే ఆగింది.

“ఆమెకు ఏటా మేకలు కోస్తుండాము. ఆమె మాదిరే పుట్టింటికొచ్చే పిల్లలకు దారి చెప్పద్దంటుండారు. ఆ పేజీ నేను తీయను పెద్దమామా.”

సెందిల్‌కుమార్ ముఖం ఎర్రబడింది. “ఏమే, పెద్దోళ్ల ముందర ఏం మాటలివి? సైటు నా పేరులో ఉండాది. నేను ఇచ్చేస్తాను.”

“మీ పేరులో లేదు. మొన్న దోసెలు పోస్తా చెప్తిని గదా, నా పేరుకు మార్చుకుంటుండానని. సరే సరే అంటిరి.”

చాప మీద ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు. సెందిల్‌కుమార్ నిజంగానే చెప్పిందా అని గుర్తు తెచ్చుకునే పనిలో పడ్డాడు. పాపం, ఆయనకు గుర్తురావడం కష్టం.

“మేము వేరే సైటు కట్టుకుంటాము,” అన్నాడు ఒక పెద్దాయన.

“బాగా కట్టుకోండి. దారులు మాత్రం ఎవరైనా పోయి చూసి రావాల.”

అందరూ రామసుబ్బు వైపు చూశారు. వ్యాను ముందు సీట్లో కూర్చుని దారి చూపించిన రోజు ఆయనకు గుర్తొచ్చిందో ఏమో, కిందికి చూస్తూ, “కాఫీ ఇంకొంచెం ఉంటే తేండి,” అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియలేదు. సుగన్య లేవలేదు. లాప్‌టాప్ మూసి, సంచిలో పెట్టుకుంది. ఇంత హాయి ఆమెకు ఎన్నేళ్లుగానో లేదు.

అప్పుడు వాకిలి వెనక నుంచి కృష్ణమ్మాళ్ బయటికి వచ్చింది. బావగారి ఎదుటే, చాప పక్కగా నడుచుకుంటూ వచ్చి, సుగన్య భుజం మీద చెయ్యి వేసింది. “శ్రీవిల్లిపుత్తూరు బస్సు ఇప్పుడుంటాదా?”

“ఉంటాదత్తా.”

ఇద్దరూ చెప్పులేసుకున్నారు. సెందిల్‌కుమార్ కారు తాళాలు పట్టుకుని వెనకే వీధిలోకి పరిగెత్తాడు. అమ్మ బస్టాండు వైపు నడవడం చూసి ఆయనకేమీ అర్థం కాలేదు.

“అమ్మా, కారు ఇట్లుండాది! యాడికి పోతుండారు?”

“మా అమ్మగారింటి సామిని చూసేదానికి,” అంది కృష్ణమ్మాళ్, ఆగకుండానే.

సెందిల్‌కుమార్ అక్కడే నిలబడిపోయాడు. ఆమె కడుపున పుట్టి, ఆమె చేతి అన్నం తిని ఇంతవాడయ్యాడు. ఆమెకు కూడా ఒక సామి ఉందని, ఆ సామికి ఒక గుడి ఉందని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. తాళాలు పట్టుకునే వాళ్ల వెనక రెండడుగులు వేశాడు.

“అది యాడుండాది సుగన్యా?”

సుగన్య వెనక్కి తిరిగి చూసింది. కోపం పోయింది, జాలి కూడా వేసింది. అయినా నిలబడలేదు.

“సైటులో పెట్టుండాను. చూసుకోని రాండి.”