గ్లవ్స్ కింద దారం

మధ్యాహ్నం రెండున్నరకి ఈపోలో బాక్సింగ్ పోటీలు జరిగే హాలు వెనక గదిలోకి నన్ను పిలిచారు. నా మనవడు వసంతన్ ఫైనల్ ఇంకో పావుగంటలో ఉంది. వాడికి ఏమైందోనని పరుగెత్తాను. తీరా వెళ్తే వాడు బల్ల మీద నిక్షేపంగా కూర్చున్నాడు. కుడిచేతి పట్టీ విప్పేసి ఉంది. ఎదురుగా పోటీ అధికారి కత్తెర పట్టుకుని నిలబడ్డాడు.

తప్పు నాదే. పొద్దున మా ఊరు బాగన్ దాతుక్‌లో బయల్దేరేటప్పుడు వాడి మణికట్టుకి అమ్మవారి దారం కట్టాను. మా ఇంట్లో పొలిమేర దాటేవాళ్లకి అది కడతాం. మనిషి తిరిగొచ్చాక కట్టినవాళ్లే విప్పాలి. నా పెనిమిటికి తొందరలో కట్టలేదు. మా తమ్ముడు నవ్వి కట్టించుకోలేదు. ఇద్దరూ మళ్లీ రాలేదు. అందుకే వసంతన్ చేత విప్పనని ఒట్టు వేయించుకున్నాను. బాక్సింగ్ గురించి పేపర్లో పడ్డదల్లా కూడబలుక్కుని చదివాను గానీ, గ్లవ్స్ కింద నూలుపోగైనా ఉండకూడదని ఎక్కడా కనబడలేదు.

"కత్తెర దగ్గరకి రానివ్వడం లేదు," అన్నాడు కోచ్ సుప్పయ్య. "పది నిమిషాల్లో తియ్యకపోతే ఆట లేకుండానే ఇళంగోవన్ గెలిచినట్టు."

"నువ్వే ఒట్టేయించినావు గదా మామ్మా," అన్నాడు వసంతన్. "నానేటి సెయ్యను?"

ఆ ఇళంగోవన్‌ది సుంగై సిపుట్ అనే ఊరు. మోటారుసైకిళ్లు బాగుచేస్తాడు. ముప్పై నాలుగేళ్లు, మూడుసార్లు ఫైనల్లో ఓడిన మనిషి. వసంతన్ గునపం మీద కొబ్బరికాయలు వలిచి ఆ భుజాలు తెచ్చుకున్నాడు. రెండేళ్ల కిందట ఇళంగోవన్ కొట్టిన దెబ్బకి వీడు చాలాసేపు కదల్లేదు. అప్పట్నుంచీ ఈ రోజు కోసమే బతికాడు. నేను ఈ రోజు రాకూడదనుకుంటూ బతికాను.

గుమ్మంలో ఇళంగోవన్ నిలబడ్డాడు.

"ఏం తంబీ, పాటి ఇంటికి తీసుకుపోతోందా?" అని, మామ్మని అరవంలో పాటి అంటూ ఎకసెక్కం చేసి, నా వైపు తిరిగాడు. "ఇలా వచ్చే గెలుపు నాకొద్దు పాటీ. విప్పండి."

"మళ్లీ పడగొడతావా మావోణ్ణి?"

"చేతనైతే పడగొడతాను."

నన్ను వదిలి వెళ్లినవాళ్లందరూ ఏం కాదనే చెప్పి వెళ్లారు. ఇతను ఆ మాట అనలేదు. నేను వసంతన్ చెయ్యి ఒళ్లోకి లాక్కున్నాను. ముడి చెమటకి బిగిసిపోయింది. గోళ్లకి లొంగలేదు. చివరికి పళ్లతో పట్టి లాగాను.

"బైట కూకో మామ్మా. సూడకు."

"సూత్తాను."

మూడో రౌండులో వసంతన్ మోకాళ్ల మీద పడ్డాడు. రిఫరీ లెక్కపెట్టడం మొదలెట్టాడు. ఆరు దగ్గర వాడు లేచాడు. గంట కొట్టేదాకా ఇద్దరూ ఒకరినొకరు వదల్లేదు.

చివరికి రిఫరీ ఎత్తింది ఇళంగోవన్ చెయ్యి. వసంతన్‌కి ఎడమకన్ను మూసుకుపోయింది. రెండో కంటితో జనంలో నాకోసం వెతుకుతున్నాడు. నేను కుర్చీ ఎక్కాను. సుప్పయ్య పరుగున వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఇక్కడున్నాను," అని కేకేశాను. వాడు ఇటు తిరిగేదాకా కేకేస్తూనే ఉన్నాను.