అరువు గొంతు

ఓడ మీద వంటవాడి దగ్గర్నుంచి కెప్టెన్ దాకా ఆయన్ని అందరూ బావ అనే పిలుస్తారు. నిజానికి ఆయన ఒక్కడికే బావ. ఆ ఒక్కడూ ఇప్పుడు ఎదురుగా ఉన్న ఇనుప గదిలో, గుండ్రటి అద్దం వెనక బనీనుతో పడుకుని ఉన్నాడు. వాడు చిన్నోడు, ఆయన భార్యకు తమ్ముడు, వృత్తికి డైవరు. వాడు పీల్చే గాలి, ఒంటికి వెచ్చదనం, వేళకు తిండి సరిగ్గా అందేలా చూడటమే బావ ఉద్యోగం. లోపలివాళ్లు టాయిలెట్లో నీళ్లు వదులుకోవాలన్నా బయట ఈయన వాల్వు తిప్పాల్సిందే. బావమరిది మీద ఇంత అధికారం ఇంకే బావకీ దక్కి ఉండదు.

సముద్రం అడుగున కొత్త గ్యాస్ బావుల నుంచి వచ్చే గొట్టాన్ని ప్లాట్‌ఫారం గొట్టానికి కలపడానికి చిన్నోడూ, ఇంకో ఇద్దరూ దిగారు. అంత లోతున పనిచేసేవాళ్లని రోజూ దింపి రోజూ మామూలు గాలిలోకి తేలేరు. అందుకని ఓడ మీది ఈ గదిలోనే సముద్రపు లోతుకు తగ్గ ఒత్తిడి పెట్టి, పని సాగినన్నాళ్లూ అందులోనే కాపురం పెట్టిస్తారు. పనివేళకు అదే ఒత్తిడి ఉన్న చిన్న డబ్బాలో అడుక్కి దింపి, మళ్లీ ఈ గదిలోకే తెస్తారు. పని మొన్ననే అయిపోయింది. బోల్టులు బిగిశాయి, నీళ్లు నింపి ఒత్తిడి పెట్టి చూస్తే చుక్క కారలేదు. ఇక మిగిలింది గదిలో ఒత్తిడి తగ్గించడం. అది నత్తనడకన జరగాల్సిందే. తొందరపడితే, మూత తీసిన సోడా పొంగినట్టు, మనిషి నెత్తురు లోపల్లోపలే పొంగుతుంది. వాడికీ డెక్కుకీ మధ్య ఉన్నది రెండు వేళ్ల మందం ఇనుము. అది దాటడానికి ఇంకా నాలుగు రోజులు పడుతుంది.

పొద్దున్నే భార్య ఫోన్ చేసింది.

"అమ్మని ఆసుపత్రిలో చేర్చామండీ. గుండె బాగా నీరసించిందట. రేపటిదాకా ఉంటే గొప్పే అన్నారు డాక్టరు. చిన్నోడికి మాత్రం చెప్పకండి."

"చెప్పకపోతే ఎలాగే?"

"చెప్తే ఏం చేస్తాడు? ఆ డబ్బాలో తల బాదుకుంటాడు. బయటికొచ్చాక నేనే చెప్తాను. నా మీద ఒట్టు."

ఒట్టు పెట్టి ఫోన్ పెట్టేసింది. బావ కుర్చీలో కూలబడ్డాడు. ఆయనది ఒక రాత్రి నిద్రతో తీరే అలసట కాదు. ఏళ్ల తరబడి మీటరు ముళ్ల వంక చూసీ చూసీ, పరాయివాళ్ల ఊపిరికి కాపలా కాసీ కాసీ, తన ఊపిరే తనకు బరువైపోయింది. ఇప్పుడీ గొడవొకటి వచ్చి నెత్తిన పడింది. చెప్తే నాలుగు రోజులు వాణ్ణి నిప్పుల మీద కూర్చోబెట్టినట్టు. చెప్పకపోతే తల్లితో ఆఖరి మాట లేకుండా చేసినట్టు. ఆయనకు ఎటూ పాలుపోలేదు.

మధ్యాహ్నం భోజనం గోడలోని చిన్న అరలో పెట్టి లోపలికి పంపాడు. చిన్నోడు పళ్లెం తీసుకోలేదు. మైకు దగ్గరికొచ్చాడు. లోపల పీల్చేది హీలియం కలిసిన గాలి, అందుకని మాట కీచుమని బాతు అరుపులా వస్తుంది. దాన్ని సరిచేయడానికి ఒక యంత్రం ఉంది కానీ అది సగం సరిచేసి సగం చెడగొడుతుంది. అలవాటుపడ్డ చెవికి తప్ప ముక్క అర్థం కాదు.

"ఏమైంది బావా?"

"ఏమవుతుంది?"

"పొద్దుట్నుంచీ నన్ను ఒక్క మాట అనలేదు. నీళ్లు వదలమంటే నోరు మూసుకుని వదిలావు. నువ్వేనా అసలు?"

"తలనొప్పిగా ఉందిరా."

"తలనొప్పొస్తే ఇంకో నాలుగు ఎక్కువ తిడతావు. ఎవరికి బాగాలేదు? అక్కకా?"

"కాదు."

"అయితే అమ్మకి."

బావ మీటరు ముళ్ల వైపు తల తిప్పుకున్నాడు. బావమరిదిని వెక్కిరించడం పెళ్లిపీటల మీదే మొదలుపెట్టాడు. ఇన్నేళ్లలో ఒక్కపూట నాగా పెట్టి ఎరగడు. ఈ పూట అది నటించడం చేతకాక దొరికిపోయాడు.

"ఉందా?" అన్నాడు చిన్నోడు.

"ఉంది. రేపటి సంగతి తెలీదంటున్నారు."

చిన్నోడు తలుపు వైపు చూశాడు. "కాస్త తొందరగా ఏమైనా..."

"కుదరదురా."

"తెలుసు. ఊరికే అడిగా."

లోపలున్న మిగతా ఇద్దరూ ఏమీ విననట్టు గోడ వైపు తిరిగి పడుకున్నారు. అంతకన్నా దూరం వెళ్లడానికి అక్కడ చోటు లేదు.

బావ భార్యకు ఫోన్ కలిపాడు. "నా మీద ఒట్టంటే లెక్కేలేదా మీకు?" అని ఏడ్చింది. "నేను చెప్పలేదే, వాడే పట్టేశాడు" అన్నాడు. ఆవిడ ముక్కు చీది, ఫోన్ తల్లి చెవి దగ్గర పెట్టింది. బావ తన ఫోన్‌ని స్పీకరుకి ఆనించాడు.

"అమ్మా," అన్నాడు చిన్నోడు.

"ఏంటే అది, ఏదో కీచుమంటోంది," అంది అత్తయ్య పీలగా. "చిన్నోడేడీ?"

"అమ్మా, నేనే." మళ్లీ అన్నాడు. ఇంకా గట్టిగా అన్నాడు. ఎంత గట్టిగా అంటే అంత కీచుగా వస్తోంది. అద్దం వెనక వాడి మొహం చూడలేక బావ ఫోన్ తన నోటి దగ్గరికి లాక్కున్నాడు.

"నువ్వు చెప్పరా. నేనంటాను."

చిన్నోడు చెప్పాడు. బావ గొంతు సవరించుకున్నాడు. అమ్మా అన్న మాట నోటితో అని ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు. "అమ్మా, నేనే, చిన్నోణ్ణి."

"గొంతేంట్రా అలా బొంగురుపోయింది?"

చిన్నోడు అందించాడు. "జలుబు చేసిందమ్మా," అన్నాడు బావ.

"తింటున్నావా?"

"తింటున్నానమ్మా. బావ..." అక్కడ ఆగిపోయాడు. మిగతాది అనడానికి సిగ్గేసింది. అను, అన్నట్టు చెయ్యి ఊపాడు చిన్నోడు. "బావ కన్నతండ్రిలా చూసుకుంటున్నాడు."

"ఆయన్ని ఊరికే విసిగించకు. అలిసిపోతాడు." కాసేపు ఊపిరి చప్పుడే వినిపించింది. "ఎప్పుడొస్తావు నాన్నా?"

బావ గుండ్రటి అద్దంలోంచి లోపలికి చూశాడు. చిన్నోడి పెదవులు కదల్లేదు. రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. ఈసారి అందించేవాళ్లు లేరు.

"బయల్దేరానమ్మా," అన్నాడు బావ. "దారిలోనే ఉన్నాను."

"తొందరేం లేదు," అంది అత్తయ్య. "మెల్లగా రా."