గోరంత గొట్టం

పదకొండేళ్ళుగా నాది ఒకటే పని, గిడ్డంగిలో పార్శిళ్ళు కట్టడం. కంప్యూటరు తెర మీద ఏ సైజు చూపిస్తే ఆ పెట్టె తీసుకోవాలి, వస్తువు పెట్టాలి, మిగతా ఖాళీలో కాగితం కూరాలి. “ఈ సూదులకు ఇంత పెట్టె ఎందుకు సార్?” అని కొత్తలో ఒకసారి అడిగాను. “నీకెందుకయ్యా, కట్టు” అన్నాడు సూపర్‌వైజరు. నోరు మూసుకుని కట్టాను. మా పనిలో కాగితమంటే గాలి లెక్క, దాన్నెవడూ విప్పి చూడడు.

ఆ అలవాటే నా కొంప ముంచింది.

మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. పుట్టుకతోనే వినికిడి తక్కువ. చెవి మిషన్ పెట్టుకుందంటే మాత్రం క్లాసులో అందరికన్నా ముందు జవాబు చెప్పేసే గడుగ్గాయి. మిషన్ నుంచి చెవిలోకి వెళ్ళే సన్న గొట్టం చిట్లిపోయింది. కొత్తది రావడానికి మూడు వారాలు పట్టింది. సోమవారం బడిలో పరీక్ష. టీచరు చదివింది విని తిరిగి చెప్పాలి. చెప్పలేకపోతే వేరే బడి చూసుకోండని హెడ్‌మాస్టరు ముందే తేల్చేశారు.

శనివారం మధ్యాహ్నం నేను డ్యూటీ దిగి వచ్చేసరికి పార్శిల్ గుమ్మంలో ఉంది. చెప్పుల జత పట్టేంత పెట్టె! అందులో కాగితాల మధ్య ఇంకో పెట్టె, దాన్లో సంచి, సంచిలో గట్టి ప్లాస్టిక్ డొల్ల. కత్తెర వంగింది గానీ డొల్ల ఊడలేదు. మా ఆవిడ వచ్చాక చూసుకుందాంలే అని దాన్ని బల్ల మీద పెట్టి, పెట్టెలు చదును చేసి, కాగితాలతో సహా వీధిలోకొచ్చిన చెత్తబండిలో పడేశాను.

గంట తర్వాత మా ఆవిడ కూరగాయల కత్తితో డొల్ల కోసింది. లోపల చిన్న బ్రష్షు. మిషన్ తుడుచుకోమని ఉచితంగా ఇచ్చారట.

“గొట్టమేదండీ?”

“అందులోనే ఉంటుంది, సరిగ్గా చూడు.”

“ఇదొక్కటే ఉంది. కాగితాలు దులిపారా?”

దులపలేదు.

“రోజంతా పార్శిళ్ళు కట్టేది మీరే కదండీ! ఆ మాత్రం తెలీదా?”

కట్టేవాణ్ణి కాబట్టే దులపలేదంటే ఎవరు నమ్ముతారు?

పిల్లని తీసుకుని, చెత్తబండ్లు తెచ్చిన అట్టలు నొక్కి కట్టలు కట్టే షెడ్డుకు పరుగెత్తాం. సంగతి వినగానే అక్కడ పనిచేసే అక్క అట్టలు నొక్కే మిషన్ ఆపేసింది. “అయ్యో తల్లీ! మీ బండి సరుకు ఆ మూలన పోశారు. ఇంకా నొక్కలేదులే, వెతుక్కోండి” అంది.

గుట్ట నాకంటే ఎత్తుంది. ఒక్కో పెట్టె తెరుస్తున్నాం, ఒక్కో కాగితం విప్పుతున్నాం. పెట్టెలో పెట్టె, సంచిలో సంచి. ఈ పద్ధతి ఎవడు కనిపెట్టాడో గానీ, వాణ్ణి ఇక్కడ కూర్చోబెట్టి ఇవన్నీ విప్పించాలని పళ్ళు నూరుకున్నాను. నన్ను నేను కూడా తిట్టుకున్నాను. పొద్దు వాలేసరికి గుట్ట అడుగంటింది.

“దొరికింది నాన్నా!”

చెవి మిషన్ లేదు కదా, తన గొంతు తనకే వినబడక గట్టిగా అరిచింది. ఒక చేతిలో పెట్టె, ఇంకో చేతిలో విప్పని చిన్న వెండిరంగు పొట్లం. తడిమితే లోపల ఏదో గట్టిగా తగిలింది. మా ఆవిడ పిల్లని ఎత్తుకుని ముద్దులు పెట్టేసింది. నేను పొట్లం పళ్ళతో చింపాను.

రెండు మరలు. కళ్ళజోడుకు బిగించేవి.

పిల్ల ముఖం చిన్నబోయింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. పెట్టెకు అంటించిన చీటీ కేసి చూసింది. కట్టినవారి నంబరు 37. నేనింకా డ్యూటీ చొక్కా మార్చుకోలేదు. జేబు మీద అదే నంబరు.

“ఇది నువ్వు కట్టిందే నాన్నా” అంది. “ఈ మరలు ఎవరివి? వాళ్ళు కూడా వెతుక్కుంటున్నారా?”

నేనేం చెప్పినా తనకు వినబడదు. అయినా నా పెదవుల వంకే చూస్తూ నిలబడింది.