కండెలు చుట్టేది పని కాదా?

బస్సు కనకమ్మ సత్రం దాటినా నా నడుము గురించి కొట్లాట ఆగలేదు. నా కొడుకు తణికైవేల్ ఆపరేషన్ అంటాడు. నా తమ్ముడు ఏకాంబరం కట్టు అంటాడు. డిస్కు జారింది నాకు. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

"కట్టు కట్టించుకుంటే మా బావమరిది చెయ్యి అతుక్కోలేదా?"

"అది ఇరిగిన ఎముక మామా! ఇది డిస్కు. ఈపున కట్టు కడితే లోపల నరానికి ఏం తెలస్తాది?"

"కోసినంక మంచాన పడితే ఎత్తేది యెవురు? నువ్వా?"

"నన్ను యెవురూ ఎత్తే పన్లేదు" అన్నాను. విన్నవాళ్లు లేరు.

తిరువళ్ళూరులో డాక్టరు స్కాన్ చూశాడు. కాలు ఎత్తించాడు, బొటనవేలు పైకి లాగమన్నాడు, ఒంటికి పోవడం సరిగా ఉందా అని అడిగాడు. అవన్నీ బాగానే ఉన్నాయి. నొప్పి మాత్రం పిర్ర నుంచి పిక్కదాకా నిప్పులా పాకుతోంది.

"మాత్రలకూ విశ్రాంతికీ తగ్గలేదంటే ఆపరేషన్ ఆలోచించాలి" అన్నాడు అరవంలో. "పాట్టి ఇంట్లో ఏం పని చేస్తారు?" పాట్టి అంటే అవ్వ, నన్నే.

"పనేముంది సార్, సుమ్మా కూర్చోనుంటాది. మగ్గం నేసేది నేను" అన్నాడు తణికైవేల్.

సుమ్మా అంటే ఊరికేనట! నాకు ఒళ్లు మండిపోయింది. తెల్లారితే రాట్నం ముందు నేలమీద కూర్చుని, నడుము వంచి, మగ్గంలో అటూ ఇటూ తిరిగే నాడెలో పెట్టే కండెలకు నూలు చుట్టేది నేను. ఒక్క కండె ఆలస్యమైతే వీడు మగ్గం గుంతలోంచి కేకలేస్తాడు. మా వీధిలో మగ్గం తొక్కేవాడిదే పని. ఆడవాళ్లు కండెలు చుట్టడం కూర్చోవడం కిందే లెక్క. మా ఆయన ఉన్నన్నాళ్లూ ఇదే మాట. ఆయన పోయాక కొడుకు అందుకున్నాడు.

"ఏమిరా, సుమ్మానా? నువ్వు నేసే చీరకు అడ్డం పోసే పేక నూలు యాడనించి వచ్చినాది? ఎలకలు చుట్టి పెట్టినాయా?"

ఏకాంబరం పకపకా నవ్వాడు.

"నువ్వు నవ్వబాకు. నీ ఇంట్లో నీ పెండ్లాం పుష్పవల్లి చేసేదీ అదే."

"అమ్మా, డాక్టరు ముందర..."

"ఆయన ముందరే చెప్పాల. కోసేది ఆయన గదా!"

ఎలా వంగి చుడతానో చేతులతో చూపించాను. డాక్టరు నా కొడుకు వైపు చూశాడు.

"అయితే ఈమెకు విశ్రాంతి ఎక్కడ దొరికింది? కొన్ని వారాలు కింద కూర్చోవద్దు, వంగవద్దు. మెల్లగా నడవాలి. వ్యాయామం మేం నేర్పిస్తాం. నడుము పిసికించడం, లాగించడం వద్దు. కాలు పట్టు తప్పినా, ఒంటికి పోవడం కష్టమైనా ఆ క్షణమే రండి. అప్పుడు ఆపరేషనే. ఏమంటారు పాట్టీ?"

"కోతకు నేను భయపడను సార్. కావాలంటే చేయించుకుంటా. ముందు మీరు చెప్పినట్టు ఉండి చూస్తా."

బయటికి రాగానే తణికైవేల్ నోట వచ్చిన మొదటి మాట: "మరి కండెలు యెవురు చుట్టేది?"

"నా కాలు ఏమైతాదని అడగలేదు చూడు! నువ్వే చుట్టు. మగ్గం ఆగితే ఆగనీ."

"సరే, చుట్టుకుంటాలే" అన్నాడు వాడు, నేల చూస్తూ.

బస్సు వచ్చింది. మెట్టు ఎత్తుగా ఉంది. వాడు చెయ్యి అందించాడు. నాకు కోపం తగ్గలేదు. ఆ చెయ్యి పట్టుకునే ఎక్కాను.