నాదా, నీదా

ఆల్విన్ ఇమ్‌హోఫ్ స్విట్జర్లాండ్ జట్టుకు అరవై ఒక్క మ్యాచ్‌లు ఆడాడు, అన్నీ డిఫెండర్‌గానే. అతను అడ్డుకున్నవాటికి లెక్కా పత్రం లేదు. పొరపాటున సొంత వలలోకి కొట్టిన ఒక్క గోలు మాత్రం ముప్ఫై ఒక్క ఏళ్లుగా టీవీలో జనాన్ని నవ్విస్తూనే ఉంది.

ఇవాళ మూడింటికి ఊరి క్లబ్బు అతన్ని గౌరవ సభ్యుణ్ణి చేస్తోంది. పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఆ పది నిమిషాల్లో నిజం చెప్పేసి తేలికపడాలని ఆల్విన్ నిశ్చయించుకున్నాడు. తప్పు తనది కాదు, గోల్‌కీపర్ ఎమెరిక్ జాకియేది. ఎమెరిక్ లోజాన్ వాడు, ఫ్రెంచి అతని భాష. ఆల్విన్ కోసమని మర్యాదకు జర్మన్‌లో అరిచేవాడు. 'మైన్' అంటే నాది, 'డైన్' అంటే నీది. ఆ రోజు ఒకటి అనబోయి మరొకటి అన్నాడు. 'నీది' అన్నాడు కదా అని, వదిలెయ్యాల్సిన బంతికి ఆల్విన్ తల అడ్డం పెట్టాడు. అది కాస్తా ముందుకొచ్చేసిన ఎమెరిక్ నెత్తి మీదుగా వెళ్లి ఖాళీ వలలో పడింది.

చిక్కల్లా, క్లబ్బువాళ్లు ఎమెరిక్‌ని కూడా పిలిచారు. ఇప్పుడతను భోజనశాలలో ఎదురుగా కూచుని, చీజు మకరోనీలో ఆపిల్ గుజ్జు కలుపుకుని ఆవురావురుమంటూ తింటున్నాడు. ముందుగా చెప్పడం ధర్మమని ఆల్విన్ గొంతు సవరించుకునేలోపే అతనే అందుకున్నాడు. ఆ గోలు తన తప్పేనని లోజాన్‌లో అందరికీ చెప్పుకున్నాడట. చివరికి పెళ్లానికి కూడా.

"నిజానికి నేను 'మైన్' అనే అన్నాను," అన్నాడు. "నీకే సరిగ్గా వినపడలేదు. పోనీలే, మావాడే కదా అని ఊరుకున్నాను."

"నువ్వు ఊరుకున్నావా? ఇక్కడ మాటలు పడింది నేను. నీ పరువు పోతుందని నోరెత్తలేదు. నువ్వన్నది 'డైన్'."

"విన్నావా?"

"విన్నాను."

"ప్రమాణం చెయ్యి."

ఆల్విన్ నోరు తెరిచాడు. ఇన్నేళ్లలో ఈ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. కళ్లు మూసుకుంటే ఎమెరిక్ నోరు కనిపించింది, పెద్దగా తెరుచుకుని. చుట్టూ నలభై వేలమంది హోరు. ఆ నోట్లో మాట మాత్రం లేదు. ఆ మాటను తనే తర్వాత ఎప్పుడో, నిద్ర పట్టడం కోసం, అందులో పెట్టుకున్నట్టున్నాడు.

"వినలేదు," అన్నాడు మెల్లగా. "నువ్వు అరవడం చూశాను. అంతే."

ఎమెరిక్ ఫోర్కు కింద పెట్టాడు. తాను అన్న మాటా తనకు గట్టిగా గుర్తు లేదని, ఫ్రెంచిలోనే అరిచాడేమో కూడా తెలియదని ఒప్పుకున్నాడు.

ఇద్దరికీ నవ్వు తన్నుకొచ్చింది. పక్క బల్లవాళ్లు తిరిగి చూశారు.

"మరి పది నిమిషాలూ ఏం చెప్తావురా?"

"అదే తోచడం లేదు. అడ్డుకున్నవి చెబుదామంటే ఒక్కటీ గుర్తు లేదు."

"నీకెలా గుర్తుంటాయి? నీ వీపు వెనక నిలబడి చూసింది నేను," అంటూ ఎమెరిక్ కాగితపు రుమాలు మడత విప్పి, జేబులోంచి కలం తీసి అతని ముందుకు తోశాడు. "రాసుకో. బాసెల్లో వాన. పన్నెండో నిమిషం. ఆ పొడుగాటి డెన్మార్క్ వాడు కుడి పక్కనుంచి వచ్చాడు..."