పొగచేపల బోణీ

కుమాసి సంతలో పొద్దున్నే బేరమాడి, తీరా కొనకుండా కదిలితే ఏమవుతుందో నాకు తెలియక కాదు. రెండేళ్లుగా ఈ ఊళ్లో నర్సింగ్ పాఠాలు చెబుతున్నాను, ఈ సంత నాకు కొట్టిన పిండి. కానీ పక్కన అమ్మ ఉంటే నా బుర్ర సగమే పనిచేస్తుంది.

అమ్మను మా దేశం మలావీ నుంచి ఇక్కడికి తెచ్చుకుని ఆరు నెలలైంది. సరస్సు ఒడ్డున మా ఊళ్లో జీవితమంతా ఎండుచేపలు అమ్మి నన్ను పెంచిన మనిషి. ఇప్పుడు మతిమరుపు జబ్బు. ఒకపూట నన్ను గుర్తుపడుతుంది, ఇంకోపూట ఎవరమ్మా నువ్వు అంటుంది. మా టోంగా భాష తప్ప మరో ముక్క రాదు. ఇంట్లో వదిలేస్తే తలుపు తీసుకుని వెళ్లిపోతుంది. అందుకే కరెంటు కార్డులో డబ్బు వేయించడానికైనా, గ్యాసు బండ మార్చడానికైనా ఆమెను వెంట తిప్పాల్సిందే. ఒక చేతిలో సంచి, ఒక చేతిలో అమ్మ మణికట్టు.

ఆ శనివారం పొగబెట్టి ఆరబెట్టిన చేపలమ్మే వరసలో అప్పుడే కొట్టు తెరిచిన ఆఫ్రియే దగ్గర ఆగాను. ఆవిడ చెప్పిన ధరలో సగం అడిగాను. ఆవిడ గుండెలు బాదుకుంది, నేను వెళ్లిపోతున్నట్టు నటించాను, చివరికి మధ్యలో ఎక్కడో కుదిరింది. పొట్లం కట్టడానికి కాగితం తీస్తుండగా చేపను నొక్కి చూశాను. చెక్కలా ఉంది.

"వద్దులే అక్కా. మరీ గట్టిగా ఉంది."

"వద్దా? బేరం తెగాక వద్దా?" ఆఫ్రియే కాగితం విసిరికొట్టింది. "ఇంకా బోణీ కూడా కాలేదు నాకు!"

"మా అమ్మకి పళ్లు లేవు, ఎలా నములుతుంది?"

"నానబెట్టి పులుసు పెట్టు! వంట రాకపోతే అది కూడా నా తప్పేనా?"

పక్కన టమాటాలమ్మే పొకువా పళ్లికిలించింది. "పోనీలేవే, ఆవిడ మొహం చూస్తే కొనేదానిలా ఉందా?"

వరసంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. "నా డబ్బు, నా ఇష్టం. బలవంతంగా అంటగడతారా?" అని రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని గొడవకు దిగాను. రెండు చేతులూ. వెనక్కి తిరిగేసరికి అమ్మ లేదు.

"అమ్మా!" అని అరిచాను. వందల తలలు, తలల మీద గంపలు. అందులో అమ్మ ఆకుపచ్చ బట్ట ఎక్కడా కనపడలేదు. "మా అమ్మ ఇక్కడే ఉంది. ఆమెకి ఏమీ గుర్తుండదు, పేరు కూడా చెప్పలేదు, మా భాష తప్ప మరోటి రాదు..."

"చూశావా, పొద్దున్నే బోణీ చెడగొడితే..." అని పొకువా మొదలుపెట్టింది.

"నోర్ముయ్యవే!" ఆఫ్రియే లేచింది. "ముసల్ది తప్పిపోతే బోణీ గురించి మాట్లాడతావా? నువ్వు ఉల్లిపాయల వైపు పో. మీరిద్దరూ బట్టల వైపు," అంది పక్క కొట్లవాళ్లతో. చేపల మీద గుడ్డ కప్పి నా రెక్క పట్టుకుంది. "నడు."

బోణీ కాని కొట్టును వదిలి ఈ సంతలో ఎవరూ కదలరు. ఆవిడ కదిలింది.

వ్యాన్ల స్టాండు దాకా పరిగెత్తాం. అక్కడ మట్టిలో ఒక నీలం రబ్బరు చెప్పు పడి ఉంది. అమ్మదే. పట్టీ తెగితే నేనే తీగతో కట్టాను. దాని పక్కనే, అప్పుడే బయల్దేరిన తమాలే బస్సు చక్రాల గుర్తులు ఇంకా తడిగా ఉన్నాయి.

"ఎక్కిందా? ఆకుపచ్చ బట్ట కట్టుకున్న ముసలామె?" అని ఆఫ్రియే కేకేసింది.

"ముసలాళ్లు చాలామంది ఎక్కారు మామీ, అందర్నీ చూస్తామా?" అన్నాడు టికెట్లు కొట్టేవాడు.

తమాలే ఎక్కడో ఉత్తరాన, పగలంతా ప్రయాణం. దారిలో ఎక్కడ దిగినా ఆమెను అడిగేవాళ్లు లేరు, అడిగినా ఆమెకు భాష రాదు.

ఆఫ్రియే నన్ను సంతకంతా ప్రకటనలు చెప్పే మైకు గదికి లాక్కెళ్లింది. అక్కడి కుర్రది ఈ ఊరి ట్వీ భాషలో చెప్పబోతే మైకు లాగేసి నా మూతి దగ్గర పెట్టింది. "మీ భాషలో పిలువు. ఆవిడకి అర్థమయ్యేది అదొక్కటే కదా."

పిలిచాను. అమ్మా, నేను తవొంగాని, ఉన్నచోటే ఉండు అన్నాను. సంత మొత్తం మీద నా గొంతు మోగింది. ఎవరూ పలకలేదు.

"బస్సు సంఘం పెద్ద నాకు తెలుసు, దారిలో ఆపిస్తాడు," అంది ఆఫ్రియే. "ఫోను కొట్లో ఉంది, రా."

చేపల వరసలోకి తిరిగామో లేదో ఆఫ్రియే ఆగిపోయింది. ఆవిడ కొట్టు మీద గుడ్డ లేదు. మడతపెట్టి ఒకరి ఒళ్లో ఉంది. ఆవిడ స్టూలు మీద, ఒక కాలికే చెప్పుతో, మా అమ్మ కూర్చుని ఉంది. చేపలన్నీ మా సరస్సు ఒడ్డున పేర్చినట్టు తలలు లోపలికి పెట్టి కుప్పలు పోసింది.

"అమ్మా!" అని మీద పడబోయాను.

ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. కళ్లలో నేను లేను. "ముట్టుకోకు. ఏ కుప్ప కావాలో చెప్పు."

"అమ్మా, నేనే, తవొంగాని."

"ఎవరైతే నాకేం? పొద్దున్నే బేరమాడి పోయే రకమైతే ఇప్పుడే చెప్పు. మా అమ్మాయిని బళ్లో వెయ్యాలి నేను."

"ఏమంటోంది?" అని ఆఫ్రియే అడిగింది.

"బోణీ చెయ్యమంటోంది."

ఆఫ్రియే నన్నూ అమ్మనూ మార్చి మార్చి చూసింది. "మరి చెయ్యవేం? చూస్తావేం?"

అడిగినంతా ఇచ్చాను. అమ్మ ఆ నోటును చేపలకు తాకించి, కళ్లకద్దుకుని, నడుం ముడిలో దోపుకుంది. నేను ఇంకో నోటు తీసి ఆఫ్రియేకు ఇవ్వబోతే నా చెయ్యి తోసేసింది.

"కొట్టుకి ఒకటే బోణీ. అయిపోయింది. ఇంక పక్కకి జరుగు, ఆవిడకి వేరే బేరాలొస్తున్నాయి."

జరిగాను. ఆ చెక్కలాంటి చేపలు గుండెకు హత్తుకుని, కొనేవాళ్లు నిలబడేచోట నిలబడి ఏడ్చాను. నా చదువు కోసం మా అమ్మ మధ్యాహ్నం దాకా చేపలు అమ్మింది.