వంతెన మీద చుక్కలు

కంట్రోల్ రూములో ఆయన్ని అందరూ చుక్కలాయన అంటారు. రోడ్డు మీది బళ్ళన్నీ ఆయన కంప్యూటర్లో చుక్కలు మరి. నాది పక్క కుర్చీ. కెమెరాలు చూస్తూ సిగ్నళ్ళు మార్చడం నా ఉద్యోగం.

నలభై రోజుల క్రితం పొద్దున్నే వంతెన మీద బళ్ళు ఆగిపోయాయి. వాటి వెనక అంబులెన్సు పదకొండు నిమిషాలు ఇరుక్కుంది. అందులో మా ఆయన. గుండెపోటు. ఆస్పత్రికి చేరేసరికే అంతా అయిపోయింది. యాక్సిడెంట్ లేదు, చెడిపోయిన లారీ లేదు, గుంట లేదు. ఊరికే ఆగాయి, ఊరికే కదిలాయి.

బళ్ళన్నీ ఆగేలా చేసిన ఆ ముదనష్టపువాడెవడో కనుక్కోమని అత్తయ్య రోజూ పోరుతుంది. వాణ్ణి నోరారా తిడితే గాని ఆవిడకి ముద్ద దిగదట. నాకు ఏడుపూ రావడం లేదు, ఆకలీ వేయడం లేదు. పళ్ళు తోముకున్నానో లేదో కూడా గుర్తుండదు.

అత్తయ్యకి చెప్పనిది ఒకటుంది. ఆ పొద్దున ఆ వంతెన మీద, ముందు వరసలో, నా కారూ ఉంది. ఫోన్ మోగితే ఎవరా అని చూస్తూ బ్రేక్ మీద కాలు వేశాను. ఒక్క క్షణమే. డ్యూటీకి వెళ్ళాక మాట్లాడదాంలే అని ఎత్తలేదు. ఆ ఫోన్ అత్తయ్యదే, ఆయన పడిపోయారని చెప్పడానికి చేసింది.

నిన్న చుక్కలాయన్ని అడిగాను, మొదలుపెట్టిందెవరో చూడమని. ఆయన ఆ పొద్దుటి రికార్డింగులోని బళ్ళన్నిటినీ చుక్కలు చేసి, ఒక్కోదాన్నే తీసేసి మళ్ళీ నడిపించాడు. బస్సు తీశాడు, జామైంది. వ్యాను తీశాడు, జామైంది. ఆ బూడిదరంగు కారు నాదే, అది తీయండి అన్నాను. ఆయన నా మొహం చూసి, తీశాడు. చుక్కలు అక్కడే దగ్గరపడ్డాయి, ఆగిపోయాయి.

"జామ్ ఏ ఒక్కరి దగ్గరా ఉండదు మేడమ్. ఒక్క నీటి అణువుకి తడి ఉండదు. మెదడులో ఏ ఒక్క కణానికీ ఆలోచన రాదు. అన్నీ కలిశాకే పుడుతుంది. అన్ని బళ్ళు అంత దగ్గరగా వెళ్తే చాలు."

ఓదార్పనుకున్నాడు పాపం. నాకు ఒళ్ళు మండింది. తడి సంగతి ఎవరడిగారు? ఇంకో నాలుగుసార్లు నడిపించమన్నాను. నేను లేకపోయినా నాలుగుసార్లూ ఆగాయి. గుండె తేలికపడాలి కదా, పడలేదు. తప్పు నాదైతే అదైనా నాకు మిగిలేది.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి అత్తయ్య బట్టలు మడతపెడుతోంది. తెలిసిందా అంది. ఎవరూ కాదంటే ఈవిడ ఇక ఎవర్ని తిట్టుకుంటుంది?

"నేనే అత్తయ్యా. బ్రేక్ వేశాను."

ఆవిడ చేతిలో చొక్కా మడత విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

"నిన్నెలా తిట్టనే?" అంది. "ఇంకెవర్నైనా చూడు."